నాలుకలు చాచిన చెట్లు

అనగనగా, మబ్బులు కూడా ఎక్కలేక మధ్యదారిలో కూర్చుని అలుపు తీర్చుకునేంత ఎత్తయిన కొండల మీద, మంచుకోన అని ఒక రాజ్యం ఉండేది. అక్కడ వరి పండదు. జొన్న పండదు. ఏడాదిలో సగం రోజులు నేల గడ్డకట్టి ఉంటుంది. ఆ నేల కనికరించి ఇచ్చే పంట ఒక్కటే, ఆపిల్. కాయలు కోసి, గంపల్లో గడ్డి పరిచి, గుర్రాల మీద దిగువదేశానికి దింపితే, బదులుగా ధాన్యం పైకి వచ్చేది. కాయ లేని ఏడు గింజ లేదు. గింజ లేని ఇంట్లో ఏం జరుగుతుందో నేను చెప్పక్కర్లేదు.

ఆ రాజ్యంలో తూరుపుగూడెం అనే ఊళ్ళో మాచక్క అని ఒకామె ఉండేది. ఆమె పని అంటు కట్టడం. మంచుకోనలో మూడు రకాల ఆపిల్ చెట్లుండేవి. మొదటిది రాణిబుగ్గ. పేరుకు తగ్గట్టు ఎర్రగా, నున్నగా, తియ్యగా ఉండేది. రెండోది తేనెకాయ. పసుపురంగుది, రాణిబుగ్గకు చెల్లెలనుకోండి. మూడోది రాతికాయ. అది అడవిది. చిన్నది, గరుకుది, కొరికితే పులుపుకి చెవుల దాకా జివ్వుమనేది. పందులు కూడా దాన్ని వాసన చూసి కాసేపు ఆలోచించుకునేవి.

అయితే రాతికాయ వేరు మహా మొండిది. బండల మధ్యన కూడా దిగిపోతుంది. అందుకని మాచక్క రాతికాయ మొక్కను పెంచి, దాని తల నరికి, ఆ మొదలు మీద రాణిబుగ్గ కొమ్మనో తేనెకాయ కొమ్మనో అంటు కట్టేది. కింద కష్టపడేది రాతికాయ, పైన పేరు తెచ్చుకునేది రాణిబుగ్గ. తల పోయినా రాతికాయ ఊరుకునేది కాదు. ప్రతి వసంతంలో అంటు కిందినుంచి పిలకలు వేసేది. వాటిని దొంగపిలకలు అనేవాళ్ళు. ఎవరి తోటలోనైనా దొంగపిలక మోకాలెత్తు పెరిగితే ఆ ఇంటి యజమానికి కొరడా దెబ్బలు తప్పవు. అది రాజు ధీరకేతుడి శాసనం. కాబట్టి మాచక్క ఏటా కత్తి పట్టుకుని, చెట్టు చెట్టుకూ నడుం వంచి, ఆ పిలకలు కోస్తూ పోయేది.

మంచుకోనలో ఇంకో ఆచారం ఉండేది. మనిషి పోతే ఆ బూడిదను తోట గట్టున పూడ్చి, దాని మీద ధూపపు చెట్టు నాటేవాళ్ళు. సూదుల్లాంటి ఆకులు, నీలం రంగు చిన్న కాయలు, కాలిస్తే మంచి వాసన వచ్చే చెట్టు. పోయినవాళ్ళ ప్రాణం అందులో కాపురం ఉంటుందని నమ్మేవాళ్ళు. ఆ చెట్టుకు ఇనుము తగలకూడదు. తగిలిందంటే లోపలి ప్రాణం ఇల్లు విడిచి, దారి తెలియక, కొండగాలిలో తిరుగుతూ ఉండిపోతుందట.

మాచక్క తోట గట్టునా అలాంటి చెట్టు ఒకటి ఉంది. అది ఆమె కొడుకు సింగడిది. పిల్లవాడు ఆరేళ్ళప్పుడు జ్వరం వచ్చి మూడు రోజుల్లో పోయాడు. మొగుడు అంతకు ముందే కొండ చరియ విరిగిపడి పోయాడు, ఆయన శవం కూడా దొరకలేదు. ఇక లోకంలో మాచక్క తనదని చెప్పుకునేది ఆ చెట్టొక్కటే. పొద్దున లేవగానే దాని దగ్గరికి వెళ్ళేది. "ఏరా సింగా, రాత్రి మంచు బాగా పడింది కదా, చలేసిందా?" అని అడిగేది. పాత దుప్పటి ముక్క మొదట్లో చుట్టేది. ఊళ్ళో ఎవరూ నవ్వేవాళ్ళు కాదు. అందరికీ అలాంటి చెట్లు ఉన్నాయి మరి.

ఇలా ఉండగా ఒక ఏడు ఎండాకాలం మొదట్లో రాణిబుగ్గ ఆకుల మీద చిన్న చిన్న చుక్కలు పడ్డాయి. నారింజ రంగు, నడుమ ఎరుపు. ఎవరో ప్రతి ఆకుకూ కుంకుమబొట్టు పెట్టినట్టు చూడముచ్చటగా ఉన్నాయి. ఊరి పెద్ద గవరయ్య వాటిని కళ్ళకద్దుకున్నాడు. "అమ్మవారు నడిచొచ్చింది. మన చెట్లకు స్వయంగా బొట్టు పెట్టింది" అన్నాడు. జనం డప్పులు కొట్టారు. బొట్టున్న ఆకును తెంపితే పాపమన్నారు. మాచక్క కూడా దండం పెట్టుకుంది, ఆమె అందరికంటే తెలివైనదేం కాదు. ఆకుల అడుగున మాత్రం మీసాల్లాంటివి మొలిచి, వాటినుంచి పొడి రాలడం చూసి, ఇదేమిటో అనుకుంది. పండగ హడావిడిలో మరిచిపోయింది. ఆ ఏడు కాయ సగమైంది.

మరుసటి ఏడు వసంతంలో తొలివాన పడ్డ మర్నాడు ఊరంతా గట్ల మీదికి పరిగెత్తింది. ధూపపు చెట్ల కొమ్మలకు గోధుమరంగు బుడిపెలు పట్టి ఉన్నాయి. వాన తగలగానే ఆ బుడిపెలు చీలి, వాటిలోంచి నారింజ రంగు నాలుకలు బయటికి వచ్చాయి. మెత్తగా, జిగురుగా, వేలెడంత పొడుగున్న నాలుకలు. ఒక్కో చెట్టుకు పదులకొద్దీ వేలాడుతున్నాయి.

మాచక్క పొరుగున ఎర్రమ్మ అని ఒక ముసలామె ఉండేది. తన పెనిమిటి చెట్టు ముందు కూలబడి ఏడ్చింది. "అయ్యో నా తండ్రో! దాహమేసి నాలుక చాచాడు, చూడండర్రా! బతికున్నప్పుడు ఏనాడూ అడిగి ఎరగడు!"

అందరికీ అదే తోచింది. పోయినవాళ్ళు దాహంతో ఉన్నారు. అంతే, పొద్దునా సాయంత్రం బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి చెట్ల నెత్తిన పోయడం మొదలెట్టారు. ఎండకు నాలుకలు ముడుచుకుపోయేవి. నీళ్ళు పడగానే మళ్ళీ ఉబ్బి బయటికి వచ్చేవి. "తాగుతున్నాడు, తాగుతున్నాడు" అని ఆనందపడి ఇంకో బిందె పోసేవాళ్ళు. మాచక్క తన వంతు పాలల్లోంచి సగం సింగడి చెట్టుకే పోసింది. ఆ ఏడు ఆకులన్నీ కుంకుమలో ముంచి తీసినట్టయి, శ్రావణానికే రాలిపోయాయి. కాయలు గోలీలంత అయి, వంకరపోయి, గట్టిపడి పడిపోయాయి.

మూడో ఏడు కరువు వచ్చింది. దిగువదేశానికి గుర్రాలు ఖాళీగా వెళ్ళి ఖాళీగా తిరిగొచ్చాయి. తరవాత ఆ గుర్రాలను కోసుకు తిన్నారు. ముసలివాళ్ళు ముందు పోయారు, చంటిపిల్లలు తరవాత పోయారు. పోయిన ప్రతివాళ్ళకూ ఒక ధూపపు చెట్టు నాటారు. చావులు పెరిగేకొద్దీ చెట్లు పెరిగాయి. చెట్లు పెరిగేకొద్దీ తెగులు పెరిగింది, తెగులుతోపాటు చావులూ పెరిగాయి. ఈ చక్రం ఎక్కడ తిరుగుతోందో ఒక్కరికీ అర్థం కాలేదు.

మాచక్క కూడా బాగా చిక్కిపోయింది. వంగితే కళ్ళు తిరిగేవి. అందుకని ఆ వసంతంలో దొంగపిలకలు కొయ్యలేదు. కొరడా దెబ్బలు తిన్నా సరే, వంగడం తన వల్ల కాదనుకుంది. పిలకలు మోకాలు దాటి నడుమెత్తు పెరిగాయి.

ఒకరోజు ఆమె సింగడి చెట్టుకు నీళ్ళు పోసి, అలిసిపోయి, పక్కనున్న రాణిబుగ్గ చెట్టు మొదట్లో కూర్చుంది. తల ఎత్తి చూస్తే కొమ్మలనిండా కుంకుమ చుక్కలు. తల దించి చూస్తే, అదే చెట్టు, అదే వేరు, దొంగపిలక మాత్రం పచ్చగా, నిగనిగలాడుతూ ఉంది. ఒక్క మచ్చ లేదు. మాచక్క ఆకులు ఒక్కొక్కటీ తిప్పి చూసింది. లేచి పక్క చెట్టు దగ్గరికి వెళ్ళింది. అక్కడా అంతే. తరవాత గట్టువైపు చూసింది. గట్టుకు దగ్గరున్న చెట్లు మోడులయ్యాయి. దూరమున్నవాటికి కాసిని ఆకులు మిగిలాయి. సింగడి చెట్టు నాలుకను వేలితో తాకింది. వేలికి సన్నటి నారింజ పొడి అంటింది. గాలి వీచింది, ఆ పొడి వేలిమీదినుంచి లేచి తోటలోకి పోయింది.

మాచక్కకు అంతా తెలిసిపోయింది. తెలిసిన ఆ క్షణంలో ఆమెకు గర్వం కలగలేదు. వేలిని కొంగుకు గట్టిగా తుడుచుకుంది. ఈ మాట చెబితే జనం ఏం చేస్తారు? గట్ల మీది చెట్లు కొడతారు. సింగడి చెట్టు కూడా కొడతారు.

రెండు రోజులు ఆమె నోరు విప్పలేదు. నేను కథ చెప్పేవాణ్ణి కాబట్టి దాచను. ఆ రెండు రోజులూ ఆమె ఊరు ఏమైనా పోనీ అనుకుంది.

మూడో రోజు గవరయ్య మనవరాలు పోయింది. పాలు తాగే పిల్ల. తాత చిన్న ధూపపు మొక్క చేత్తో పట్టుకుని గట్టు మీదికి వస్తుంటే మాచక్క ఎదురెళ్ళి నిలబడింది.

"పెద్దయ్యా, ఆ మొక్క నాటకు" అంది. "తెగులు ఈ చెట్లలోంచే వస్తోంది. ఆ నాలుకల పొడి గాలికి లేచి ఆపిల్ ఆకుల మీద పడుతోంది. మనం నీళ్ళు పోసినకొద్దీ ఇంకా లేస్తోంది. రాతికాయ ఒక్కటే దానికి లొంగట్లేదు. నా మాట విను."

గవరయ్య మొక్కను వెనక్కి లాక్కున్నాడు. "అంటే ఏమిటే? మా అమ్మ, మా నాన్న, ఇప్పుడు ఈ పసిగుడ్డు, వీళ్ళంతా కలిసి మమ్మల్ని చంపుతున్నారంటావా?"

 జనం ఆమెను పక్కకు తోసి మొక్క నాటారు. ఎవరో మట్టిగడ్డ విసిరారు. అది ఆమె భుజానికి తగిలింది. మొదటిసారి చెప్పిన నిజం గతి అలా అయింది.

అప్పుడామె రాజు దగ్గరికి బయల్దేరింది. కిందటి చలికాలంలో మంచు బరువుకు సింగడి చెట్టు కొమ్మ ఒకటి దానంతటదే విరిగి పడి ఉంది. దానికి బుడిపెలున్నాయి. ఇనుము తగలకుండా దాన్ని కొంగులో చుట్టుకుంది. ఆరు కుండల్లో ఆరు లేతమొక్కలు గాడిద మీద ఎక్కించుకుంది. రెండు రాణిబుగ్గలు, రెండు తేనెకాయలు, రెండు రాతికాయలు. మూడు రోజులు నడిచి కోటకు చేరింది.

ధీరకేతుడు చెడ్డవాడేం కాదు. తన ఖజానా ధాన్యం సగం పంచిపెట్టాడు, రెండు పూటల భోజనం ఒక పూటకు తగ్గించుకున్నాడు. మాచక్క మాట విని కనుబొమలు ముడిచాడు.

"రుజువేమిటి?" అన్నాడు.

"మీ కళ్ళతో మీరే చూడండి ప్రభూ. రకానికొకటి చొప్పున ఈ మూడు కుండలు కోట తూరుపు బురుజు మీద పెట్టించండి. వాటి నెత్తిన ఈ కొమ్మ వేలాడదీయించండి. ఆ మూడు కుండలు పడమటి బురుజులో, గాలి చొరని గదిలో, కిటికీ అద్దం వెనక పెట్టించండి. రెంటికీ ఒకే చెరువు నీళ్ళు, ఒకే చేత్తో చల్లించండి. తలుపు తాళంచెవి మీ దగ్గరే ఉంచుకోండి."

రాజు అలాగే చేయించాడు. రోజూ పొద్దున తనే వెళ్ళి చూసేవాడు. తడి తగిలి కొమ్మ నాలుకలు చాచింది. వారం గడిచింది, ఏమీ లేదు. సభలోవాళ్ళు నవ్వుకున్నారు. రెండో వారం చివర రాణిబుగ్గ ఆకు మీద పసుపురంగు చుక్క కనబడింది. మూడో వారానికి ఆకులన్నీ కుంకుమే. తేనెకాయకు కాస్త తక్కువగా పట్టింది, కానీ పట్టింది. రాతికాయ ఆకుల మీద ఆవగింజంత మచ్చలు రెండుమూడు పడి, అక్కడే ఎండి, అక్కడే ఆగిపోయాయి. పడమటి గదిలో మూడు మొక్కలూ పచ్చగా ఉన్నాయి.

 "ఏం చెయ్యమంటావు?" అన్నాడు రాజు.

"రెండు పనులు ప్రభూ. ఈ ఏటి ఆకలికి గట్ల మీది చెట్లు కొట్టించాలి. అప్పుడు మిగిలిన ఆపిల్ చెట్లు కాస్తయినా కోలుకుంటాయి. అంతమాత్రాన సరిపోదు. అవతలి కొండల మీదినుంచి పొడి మళ్ళీ గాలికి వస్తుంది. అందుకని రాబోయే ఏళ్ళ కోసం దొంగపిలకల్ని కొయ్యకుండా చెట్లుగా పెంచాలి. కాయ పుల్లగా ఉంటుంది. కానీ ఉంటుంది."

"సరే" అన్నాడు రాజు.

"మొదటి చెట్టు మీ తోటలో కొట్టండి" అంది మాచక్క.

రాజు మొహం మారిపోయింది. కోట తోటలో ఆయన తల్లి చెట్టుంది. తెగులు రావడానికి కొన్నేళ్ళ ముందు ఆమె పోయినప్పుడు ఇక్కడి మొక్క చాలదని, మంచు కనుమ దాటించి పరదేశపు ధూపపు చెట్టు తెప్పించి నాటాడు. అది ఇప్పుడు ఇద్దరు మనుషులంత ఎత్తుంది. దాని బుడిపెలు పిడికిలంత ఉన్నాయి. మాచక్క కోటలోకి వస్తూనే వాటిని చూసింది. ఈ పీడ ఏ దారిన వచ్చిందో ఆమెకు అక్కడే తెలిసింది.

"రాజమాత చెట్టు మాట ఎత్తకు" అన్నాడు ధీరకేతుడు. గొంతు గట్టిగా ఉన్నా కళ్ళు తడిగా ఉన్నాయి. "ఆ ఒక్క తోట వదిలేసి రాజ్యమంతా కొట్టిస్తాను."

భటులు గొడ్డళ్ళు పట్టుకుని ఊళ్ళ మీద పడ్డారు. "రాజుగారి చెట్టు కొట్టారా?" అని జనం అడిగారు. లేదన్నారు. "అయితే మా అమ్మలు అమ్మలు కారా?" అని జనం చెట్లను కావలించుకుని నిలబడ్డారు. తూరుపుగూడెంలో ఎర్రమ్మ పెనిమిటి చెట్టును చుట్టేసుకుంది. ఒక భటుడు ఆమెను లాగాడు. ఎండుపుల్లలాంటి మనిషి, జారి బండ మీద పడింది. మళ్ళీ లేవలేదు. జనం రాళ్ళు అందుకున్నారు. భటులు వెనక్కి తగ్గి పోయారు. సాయంత్రానికి ఎర్రమ్మను కాల్చి, ఆ బూడిద మీద ఇంకో ధూపపు చెట్టు నాటారు.

రెండోసారి చెప్పిన నిజం ఒక ప్రాణం తీసింది. మాచక్క ఊరికి తిరిగొచ్చేసరికి ఆమెకు నీళ్ళిచ్చేవాళ్ళు కూడా లేరు. "నీ మాటే ఎర్రమ్మను చంపింది" అన్నారు. అది అబద్ధం కాదని ఆమెకు తెలుసు.

ఆమె ఇంట్లో గొళ్ళెం పెట్టుకుని మూడు రోజులు కూర్చుంది. మాటతో చెబితే మట్టిగడ్డ విసిరారు. కళ్ళతో చూసినా రాజు తన తల్లి చెట్టు దాచుకున్నాడు. మరి తను? ఊరందరి చెట్లూ కొట్టమని చెప్పి, తన చెట్టు గురించి ఇంతవరకూ ఒక్క మాటైనా అన్నదా? సింగడికి చుట్టిన దుప్పటి ముక్క ఇంకా దాని మొదట్లోనే ఉంది. రాజుకూ తనకూ తేడా ఏమిటి?

ఏటా వైశాఖంలో పోయినవాళ్ళ రోజు వస్తుంది. ఆ రోజు ఊరంతా పాలు తెచ్చి చెట్లకు పోస్తూ గట్ల మీదే ఉంటుంది. ఆ ఏడు తెచ్చేందుకు పాలు లేవు, ఉత్త నీళ్ళే తెచ్చారు. మాచక్క ఇంట్లోంచి గొడ్డలి తెచ్చింది.

ఆమె ఎవరినీ పిలవలేదు, ఎవరికీ చెప్పలేదు. సింగడి చెట్టు ముందు నిలబడింది. దుప్పటి ముక్క విప్పి మడతపెట్టి పక్కన పెట్టింది.

"సింగా" అంది. "అమ్మను తిట్టుకో నాయనా."

మొదటి దెబ్బ పడేసరికి గట్టు మీద కేకలు లేచాయి. గవరయ్య పరిగెత్తుకొచ్చాడు. "పిచ్చిదానా! పిల్లాడు దారి తప్పుతాడే! వాడెక్కడికి పోతాడు?"

"తెలియదు పెద్దయ్యా" అంది మాచక్క, ఆగకుండా. "వాడికి చీకటంటే భయం. అదే నాకు బాధ."

చేతుల్లో బలం లేదు. ఒక్కో దెబ్బకూ ఊపిరి తీసుకోవాల్సి వచ్చింది. ఎవరైనా ఆపవచ్చు. ఎవరూ ఆపలేదు. ఆమె ఆ ఆచారాన్ని నమ్మదేమో, అందుకే చెట్లు కొట్టమంటోందేమో అని జనం అప్పటిదాకా అనుకున్నారు. ఆమె ఏడుపు చూశాక, ఈమె కూడా మనలాగే నమ్ముతోంది, నమ్ముతూనే కొడుతోంది అని అర్థమైంది. మధ్యాహ్నానికి చెట్టు ఒరిగింది. మాచక్క గొడ్డలి పడేసి ఆ మోడు మీద రెండు చేతులూ ఆనించి కూర్చుంది.

 అప్పుడు గవరయ్య తన మనవరాలి మొక్క దగ్గరికి వెళ్ళాడు. అది జానెడు కూడా లేదు. దానికి గొడ్డలి అక్కర్లేకపోయింది. ముసలాయన వంగి, చేత్తోనే పెరికి, గుండెకు హత్తుకుని, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. తరవాత వచ్చి మాచక్క పక్కన పడున్న గొడ్డలి తీసుకున్నాడు. వాళ్ళమ్మ చెట్టు పెద్దది, దానికి కావలసి వచ్చింది.

సాయంత్రానికి తూరుపుగూడెంలో ఒక్క ధూపపు చెట్టు మిగల్లేదు. కబురు ఊరూరా పాకింది. "ఆమె తన కొడుకు చెట్టు కొట్టిందట" అన్నారు. భటులు గొడ్డళ్ళతో చేయించలేని పని ఆ ఒక్క మాట చేసింది.

తరవాత కథంతా సుఖాంతం అనుకునేరు. కాదు. ఆ ఏడు ఆపిల్ చెట్లు కాసిని కాయలు ఇచ్చాయి, చావులు ఆగలేదు గానీ తగ్గాయి. మాచక్క ఊరూరా తిరిగి రాణిబుగ్గల తలలు కోసి, దొంగపిలకలను నిలబెట్టింది. నాలుగేళ్ళకు అవి కాపుకొచ్చాయి. దిగువదేశం వర్తకులు రాతికాయ కొరికి మొహాలు వంకరపెట్టి, సగం ధాన్యమే ఇస్తామన్నారు. ఆ సగంతోనే బతికారు. ఎండబెట్టి, ఉడకబెట్టి, ఉప్పులో ఊరబెట్టి, ఆ పులుపునే పిల్లలకు పెట్టారు. పిల్లలు మారాం చేశారు. మారాం చెయ్యడానికి పిల్లలంటూ మిగిలారు.

కోట కింద మూడు ఊళ్ళుండేవి. రాజమాత చెట్టు పొడి గాలికి నేరుగా వాటి మీదే పడేది. రాజు కళ్ళెదుటే ఉన్న ఊళ్ళు కాబట్టి అక్కడ కొరడాకు భయపడి దొంగపిలకలు కోస్తూనే ఉన్నారు. తలారులకు శాసనం మారిందని ఎవరూ చెప్పలేదు, రాజుకు తల్లి చెట్టు తప్ప మరో ధ్యాస లేదు. ఆ మూడు ఊళ్ళలో కొందరు పోయారు. కొందరు వలస వెళ్ళారు. అయిదో ఏటికి మూడూ ఖాళీ అయ్యాయి.

అప్పుడు ధీరకేతుడు గుర్రం లేకుండా, నడిచి, తూరుపుగూడెం వచ్చాడు. మాచక్క తోటలో పని చేసుకుంటోంది.

"నేను రాజును. నా మాట ఎవరూ వినలేదు. నీ మాట విన్నారు. ఎందుకు?" అని అడిగాడు.

మాచక్క గట్టు మీది మోడు చూపించింది. రాజు దాని దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. దానికి వర్షాలకు నాచు పట్టింది.

"అమ్మ చెట్టు మీద గొడ్డలి ఎలా వెయ్యను మాచక్కా?" అన్నాడు. ఈసారి గొంతు గట్టిగా లేదు.

"అందరం ఎలా వేశామో అలాగే ప్రభూ."

"నీకేం కావాలో అడుగు. ఏదైనా ఇస్తాను."

మాచక్క చేతి మట్టి దులుపుకుంది. "నా కొడుకు ఇప్పుడు ఎక్కడ తిరుగుతున్నాడో చెప్పగలరా ప్రభూ?"

 రాజు వచ్చిన దారినే తిరిగి వెళ్ళిపోయాడు. మర్నాడు తన చేత్తోనే తల్లి చెట్టు కొట్టాడు. పొద్దుగూకేదాకా కొట్టాడు. చెట్టు పెళపెళమని విరిగి పడ్డ చప్పుడు మూడు ఊళ్ళకూ వినపడేంత పెద్దది. కానీ ఆ మూడు ఊళ్ళలో వినేందుకు ఒక్కరూ లేరు.

కాబట్టి పిల్లలూ, పదిమందినీ ఉన్నది వదులుకోమని చెప్పేవాళ్ళు ముందు తమ చేతిలోది వదులుకోవాలి. అది కూడా వేళ మించకముందే వదులుకోవాలి.